నార్మల్ అని రాసిన నెత్తురు

1990 జులైలో నేను ఉద్యోగంలో చేరినాను. పోస్టు పేరు టెక్నికల్ అసిస్టెంట్. ఉత్తర మద్రాసులో ఒక పెద్దాస్పత్రికి ఆనుకొని పరిశోధన విభాగం ఉన్నింది, దాంట్లో ఫంగస్ లాబు మాది. ఊరికి అప్పటికింకా మద్రాసనే పేరు. ఆడనే ముప్పై నాలుగేళ్ళు పని చేసి సీనియర్ టెక్నికల్ ఆఫీసరుగా రిటైరైనాను. "లాబులో మీరు చేసేదేంది, కొంచెం చెప్పండి" అని ఎవరన్నా అడిగితే నేను చెప్పేది 1994లో జరిగిన ఈ ఒక్క సంగతే. దీంట్లో మా పనంతా ఉండాది, మా తప్పు కూడా ఉండాది.

మా ఇంట్లో కాలేజీ ముఖం చూసింది నేనే మొదలు. మా నాయిన పురసవాక్కంలో ఒక బట్టలంగట్లో గుడ్డ కొలిచి చించే పని చేసేవాడు. తాతల కాలం నుంచీ మేము ఈడనే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మధ్యలో చదువాగిపోయి మళ్ళీ మొదలుపెట్టి, నాకు మైక్రోబయాలజీ డిగ్రీ చేతికొచ్చేసరికి ఇరవై ఆరేళ్ళు. ఉద్యోగం ఆర్డరు కాగితాన్ని నాయిన అంగట్లో కౌంటరు మీద పరిచి, చీరలు కొనను వచ్చినోళ్ళకంతా చూపించినాడంట. నేనూ అదే రకం. లాబులో ఏది కొత్తగా చూసినా ఇంటికి పోయి చెప్పేదాకా కడుపుబ్బరంగా ఉండేది. బస్సు దిగితే నడిచేది లేదు, పరుగే.

మేము చూసే జబ్బు పాదానికి వచ్చేది. మట్టిలో, ముళ్ళలో, కట్టెపేళ్ళలో ఉండే ఒక ఫంగస్ దానికి కారణం. చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళకి ముల్లు గుచ్చుకుంటే దాంతో పాటే లోపలికి పోతుంది. నొప్పి ఉండదు. రెండేళ్ళకో మూడేళ్ళకో పాదం వాస్తుంది, బెజ్జాలు పడతాయి, ఆ బెజ్జాల్లోంచి ఆవగింజల మాదిరి నల్లటి గింజలు రాలతాయి. ఒక్కో గింజా ఫంగస్ ముద్దే. నొప్పి లేదు కదా అని జనం ఊరికే ఉంటారు. ఆస్పత్రికి వచ్చేసరికి అది ఎముక కాడికి చేరుంటుంది.

మా లాబు అడిగే ప్రశ్న ఒకటే. ఫంగస్ లోపలికి పోయినాక ఆ మనిషి తెల్లకణాలు దాన్ని గుర్తుపడతా ఉండాయా, లేదా? తెల్లకణాల్లో లింఫోసైట్లని ఒక జాతి ఉండాది. పనిలేనప్పుడు అవి చిన్నగా, గుండ్రంగా పడుకోని ఉంటాయి. తమకి తెలిసిన శత్రువు తగిలితే లేస్తాయి. ఉబ్బి పెద్దవై, రెండుగా చీలేదానికి తయారవుతాయి. అట్ట లేచిన కణాన్ని మేము బ్లాస్ట్ అంటాము. మైక్రోస్కోపు కింద కూర్చోని, పడుకున్నవి ఎన్ని, లేచినవి ఎన్ని అని లెక్కపెట్టడమే మా పని.

లేపేదానికి శత్రువు కావాల. ప్రాణంతో ఉండే ఫంగస్‌ని నెత్తురులో కలపలేము కాబట్టి దాని సారం తీసేది. ఆ సారమే యాంటిజెన్. ఫంగస్‌ని సీసాల్లో ఆరు వారాలు పెంచితే పైన నల్లటి తోలు మాదిరి కడుతుంది. దాన్ని చంపి, కడిగి, అసిటోన్‌లో ముంచి ఆరబెట్టి, కల్వంలో నూరి మెత్తటి పొడి చేసేది. పొడిని సెలైన్‌లో నానబెట్టి వడకట్టితే వచ్చే నీళ్ళే యాంటిజెన్. నూరే పని నాది. కిటికీ కాడ బల్ల మీద, ముక్కుకి కర్చీఫ్ కట్టుకోని, ఒక పూటంతా నూరేదాన్ని. వడకట్టేది పక్క బల్ల మీద సెల్వం. సెల్వం అంటే సీనియర్ రీసెర్చ్ ఫెలో, తిరుత్తణి పక్కనోడు, మా లాబులో పీహెచ్‌డీ చేస్తా ఉన్నాడు. ఆ గదిలోనే మూలగా అద్దాల తడిక వెనక మేడమ్ టేబుల్. మేడమ్ లాబుకి హెడ్డు, అసిస్టెంట్ డైరెక్టరు. తక్కువ మాట్లాడే మనిషి. ఎక్కువ మాట్లాడేది ఆమె ఎర్ర ఇంకు పెన్నే.

ఇంక పరీక్ష. ఇరవై మిల్లీలీటర్ల నెత్తురు తీసి, ఒక చిక్కటి ద్రవం మీద మెల్లిగా పోసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎర్రకణాలు అడుక్కి పోయి, మధ్యలో తెల్లటి పొర ఒకటి ఉంగరం మాదిరి నిలబడుతుంది. దాన్ని పీల్చి, కడిగి, లెక్కపెట్టి, మూడు ట్యూబుల్లో వేసేది. మొదటిదాంట్లో ఏమీ కలపము. రెండోదాంట్లో ఒక చిక్కుడుజాతి గింజ రసం వేస్తాము. అది ప్రాణమున్న లింఫోసైట్‌ని దేన్నైనా లేపుతుంది, కణాలు బాగుండాయా లేదా అని చూసేదానికి. మూడోదాంట్లో మా యాంటిజెన్. కణాలకి కొంచెం బొగ్గుపులుసు గాలి కావాల. దానికి ఖరీదైన మిషన్లు ఉండాయి, మాకు లేవు. పెద్ద గాజుపాత్రలో ట్యూబులు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, మూత బిగించేది. కొవ్వొత్తి తనంతట తానే ఆరిపోతే లోపల గాలి సరిపోయినట్టు. ఆ పాత్రని ఒంటి వేడిమి ఉండే పెట్టెలో ఆరు రోజులు ఉంచి, ఏడో రోజు స్లైడ్లు వేసి చూసేది. స్లైడ్ల మీద పేరుండదు, నంబరే. ఎవరిదో తెలిస్తే కన్ను మొగ్గుతుందని మేడమ్ పెట్టిన రూలు.

ఇంకో రూలు ఉన్నింది. ఏ పేషెంటు నెత్తురు పెట్టినా, దాంతో పాటు అదే రోజు, అవే మందులతో, ఆరోగ్యంగా ఉండే మనిషి నెత్తురు ఒకటి పెట్టాల. దాన్ని కంట్రోల్ అంటారు, మా రిజిస్టర్లో నార్మల్ అని రాసేది. అది పక్కన లేకపోతే పేషెంటు కణాలు ఎక్కువ లేచినాయా తక్కువ లేచినాయా చెప్పేదానికి లేదు. పొద్దున ఎనిమిదిన్నరకి ఆరోగ్యమైన మనిషిని యాడ వెతికేది? అందుకని మా లాబులో ఒక వాడుక. చెయ్యి చాపేది మేమే. ఎన్-1 మేడమ్, ఎన్-2 సెల్వం, ఎన్-3 నేను. వంతులు వేసుకోని ఇచ్చేవాళ్ళం. ఇచ్చినోళ్ళకి క్యాంటీన్‌లో ఒక కాఫీ, ఒక బన్ను.

నా నెత్తురు నార్మల్ అని రిజిస్టర్లో ఎక్కిన రోజు నేను ఇంటికి ఎట్ట పోయినానో నాకే తెలీదు. మా నాయిన అంతా విని, "అట్టయితే మా పాప నెత్తురుని గవర్నమెంటోళ్ళు తూకంరాయిగా పెట్టుకున్నారన్న మాట" అన్నాడు. మరుసటి రోజు అంగట్లో అందరికీ చెప్పేసినాడు.

నాలుగేళ్ళలో పేషెంట్లు పాతిక మందికి పైనే వచ్చినారు. అందరి లెక్కా ఒకే దారి. పేషెంటు కణాలు యాంటిజెన్‌కి కొంచెం లేస్తాయి. మా ముగ్గురివి చానా ఎక్కువ లేస్తాయి. ఈ ఫంగస్ మనిషి కణాలని అణిచేస్తుంది అనేది సెల్వం థీసిస్. టేబుళ్ళన్నీ తయారు, టైపింగ్ మొదలయింది. అణిచేసే ఫంగస్‌లు వేరే ఉండాయి కాబట్టి అది నమ్మదగ్గ మాటే. మేడమ్ నమ్మినారు. నేనైతే మా వీధిలో అందరికీ వివరించి చెప్పినాను.

సర్జరీ యూనిట్ వాళ్ళు మేము ఫలితం రాసి పంపే స్లిప్పు చూసేవాళ్ళు. ఈ జబ్బుకి మాత్రలు ఏడాదికి పైనే మింగాల, ఆస్పత్రికి వచ్చే మాత్రలేమో కొంచెం. ఎవరి ఒళ్ళు పోరాడతా ఉండాదో వాళ్ళకి మాత్రలిచ్చి, పుండు గోకి, కాచుకోని చూసేది. ఎవరి ఒళ్ళు చేతులెత్తేసిందో వాళ్ళకి పాదం తీసేసేది. మా స్లిప్పొకటే చూసి తీస్తారని కాదు. ఎక్స్‌రే ఉంటుంది, ఇంకా చానా చూస్తారు. కానీ అటా ఇటా అని ఉన్నప్పుడు మా స్లిప్పే ఒక పక్కకి వంచేది.

మునుసామి అట్ట అటా ఇటా ఉన్న మనిషి. నలభై దాటుంటాయి. ఇల్లు తొండియార్‌పేట. సవక్కు కట్టెల మండీలో పని. సవక్కంటే మన సరుగుడే. ఇల్లు కట్టేదానికి సారవగా వాడే పొడుగాటి కట్టెలు లారీలో వస్తే, ఆ కట్టెల కుప్ప మీదికెక్కి నిలబడి ఒక్కోదాన్ని కిందికి దొర్లించేది ఆయన పని. చెప్పులేస్తే జారతాయని కాళ్ళకి ఏమీ వేసుకునేది లేదు. ఎడమ పాదానికి పేడు గుచ్చుకొని మూడేళ్ళు.

మొదటి తడవ నెత్తురు తీసినప్పుడు తమిళంలోనే మాట్లాడుకున్నాము. సిరంజిలో మిల్లీలీటర్లు నాలో నేను తెలుగులో లెక్కపెట్టుకుంటా ఉంటే ఆయన తలెత్తి చూసినాడు.

"పదహారు, పదిహేడా? ఏం చెల్లెమ్మా, మనోళ్ళేనా?"

"అవునన్నా. కదలద్దు."

"యాడ కదిలేది. పుణ్యముంటుంది, ఇరవైతో ఆపేయ్. నేను కూడా లెక్క నేర్చినోణ్ణే."

ఆ మొదటి పరీక్షలో ఆయన లెక్క మామూలు పేషెంట్ల మాదిరే వచ్చింది. యాంటిజెన్ ట్యూబులో లేచిన కణాలు ఖాళీ ట్యూబు కంటే మూడింతలు. ఆ రోజు నార్మల్ నేను. నాది దానికి మూడింతలు. "నార్మల్ కంటే చానా తక్కువ" అని స్లిప్పు నా చేత్తోనే రాసినాను, మేడమ్ సంతకం పెట్టినారు. ఏదైనా రెండు తడవలు చేసినాకే ఖాయమని రూలు. రెండో స్లిప్పు కూడా అట్టే వస్తే గురువారం ఆపరేషన్ అని సర్జన్ తేదీ వేసేసినాడు. చీలమండకి పైన.

రెండో తడవ ఆపరేషన్‌కి తొమ్మిది రోజుల ముందు, ఒక మంగళవారం వచ్చినాడు. కట్టు మార్పించుకొని కుంటుకుంటా వచ్చి కూర్చున్నాడు.

"పోయిన తడవ తీసింది చాలలేదా? దోమలైనా రాత్రి మాత్రమే వస్తాయి" అన్నాడు. కట్టు వైపు చూసుకొని, "కాలు తీసేస్తే మండీలో నన్ను గేటు కాడ కూడా కూర్చోబెట్టరు చెల్లెమ్మా. గేటుకి ఒకడుండాడు ముందే, వాడికీ ఒక కాలే" అన్నాడు. నవ్వతానే అన్నాడు. మీ లెక్కలో ఏం తేలింది అని అడిగినాడు. ఫలితం పేషెంటుకి లాబువాళ్ళు చెప్పకూడదు, డాక్టర్ చెప్పాల. అది రూలు. డాక్టర్ని అడగండన్నా అన్నాను. ఆయనకి అర్థమయింది. చెయ్యి చాపినాడు.

ఆ రోజే మాకొక చిక్కొచ్చింది. నార్మల్‌కి మనిషి లేడు. మేడమ్ ఢిల్లీలో మీటింగుకి పోయినారు. సెల్వంకి ముందు వారం జ్వరం. నాకు ఆ రోజు పొద్దుటి నుంచి జలుబు. జలుబు, జ్వరం ఉన్నోళ్ళ కణాలు ముందే లేచుంటాయి, వాళ్ళు పనికి రారు. పేషెంటు నెత్తురు బయటికి తీసి అరగంటయింది, ఎక్కువసేపు ఉంచేదానికి లేదు. నేను ఆఫీసు గదిలోకి పోయి టపా రాసే రాఘవన్ సార్ ముందు నిలబడి, ఒక సిరంజి నెత్తురు కావాల అని అడిగినాను. రాఘవన్ సార్ ఇరవై ఏళ్ళ సర్వీసులో మా మెట్లెక్కింది లేదు, ఫంగస్ అంటే అంటుకుంటుందని ఆయన భయం.

"సుమ్మా, ఊరికే ఇస్తానా? కాఫీ, బన్ను మీకు. నాకు రెండు వడలు" అన్నాడు. సూది చూసి కళ్ళు మూసుకున్నాడు గానీ ఇచ్చినాడు. రిజిస్టర్లో ఎన్-4 అని రాసినాను.

సోమవారం స్లైడ్లు చూసినాను. నంబర్లతోనే చూసినాను. ఒక మనిషి మూడో ట్యూబులో కణాలు హాయిగా పడుకోని ఉండాయి, ఖాళీ ట్యూబుకీ దానికీ తేడానే లేదు. రెండో ట్యూబులో మాత్రం బ్రహ్మాండంగా లేచినాయి. ఇంకో మనిషికి మూడో ట్యూబులో మూడింతలు లేచినాయి. ఆ పడుకున్నది మునుసామి నెత్తురే అనుకోని నాకు మనసు చివుక్కుమంది. ఏ నంబరు ఎవరిదో రాసిన కోడ్ కాగితం తీసి చూస్తే పడుకున్నది రాఘవన్ సార్‌ది. మూడింతలు లేచింది మునుసామిది.

ముందు నా తప్పే అనుకున్నాను. యాంటిజెన్ వెయ్యడం మరిచిపోయినానేమో. కానీ ఏ పరీక్షకైనా యాంటిజెన్ ట్యూబు ఒకటికి మూడు పెడతాము, రాఘవన్ సార్‌వి మూడూ అట్టే ఉండాయి. యాంటిజెన్ చెడిపోయిందా అంటే, అదే సీసాలోది మునుసామి కణాలని లేపింది. కణాలు చచ్చినాయా అంటే, గింజ రసానికి లేచినాయి. సెల్వం వచ్చి చూసి, "ఆఫీసు కణాలు కదా, టపా వచ్చినా లేవవు" అన్నాడు. నవ్వినాను. నవ్వతానే పోయిన తడవల రిజిస్టరు తీసినాను.

మా ముగ్గురి అంకెలు ఒకదాని కింద ఒకటి చూస్తే ఒక సంగతి కనపడింది. నాలుగేళ్ళలో ఎప్పుడు చూసినా అందరికంటే ఎక్కువ నాది. తర్వాత సెల్వంది. తర్వాత మేడమ్‌ది. ముగ్గురూ ఆరోగ్యమైన మనుషులే కదా, ఈ వరస ఎందుకు మారదు? తలెత్తి గదిని చూసినాను. కిటికీ కాడ కల్వం. దాని ముందర నా స్టూలు. పక్క బల్ల సెల్వంది. మూలగా తడిక వెనక మేడమ్.

ఇంకో సంగతి కూడా తట్టింది. నూరిన రోజు సాయంత్రం నా కర్చీఫ్ విప్పితే ముక్కు ఉండే చోట లోపలి పక్క నల్లటి మచ్చ ఉండేది. ఇది ఎన్ని తడవలు ఉతికినా పోదు అని మా అమ్మ తిట్టేది. నాలుగేళ్ళు ఆ మచ్చ చూస్తానే ఉన్నాను. కర్చీఫ్ మార్చినాను గానీ ఆ పొడి యాడికి పోతా ఉండాదని ఆలోచించలేదు. ఫంగస్ చచ్చిందే, జబ్బు రాదు. కానీ దాని సారమంతా నాలుగేళ్ళుగా నా ఊపిరితో లోపలికి పోయింది. నా లింఫోసైట్లకి దాని ముఖం బాగా తెలుసు. మేము నార్మల్ మనుషులం కాదు. ఊర్లో ఎవరికంటే కూడా ఆ ఫంగస్‌ని ఎక్కువ ఎరిగినోళ్ళం మేము ముగ్గురమే, మాతో పోల్చి పేషెంట్లని తక్కువ అంటా వచ్చినాము. రాఘవన్ సార్ పక్కన పెడితే మునుసామి కణాలు తక్కువ కాదు. బాగానే పోరాడతా ఉండాయి.

నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో నాకు భయం వెయ్యలేదు. సంతోషమేసింది. ఒక కొత్త సంగతి నేనే కనుక్కున్నానని. కుర్చీలోంచి లేచి, సెల్వం దగ్గరికి పోయి, మొత్తం ఒక్క గుక్కలో చెప్పేసినాను. కల్వం, కర్చీఫ్, వరస, అంతా. చెప్పేటప్పుడు చేతులు కూడా తిప్పినానేమో. ఆయన ముఖం చూసేదాకా నేను చెప్తా ఉండేది ఏందో నాకు తెలీలేదు.

"నా టేబుళ్ళన్నిట్లో నార్మల్ మనమే" అన్నాడు.

"అవును సెల్వం."

"అయితే ముందు నా నాలుగేళ్ళు తిరిగి ఇచ్చెయ్ వసంతా. తర్వాత ఇది చెప్పు."

ఆయన కిందికి దిగి పోయినాడు. ఊర్లో వాళ్ళ నాయిన చెరుకు తోటకి నీళ్ళు పారించే కూలీ. ఇంట్లో చదివినోడు ఈయనొక్కడే. నా కంటే ఆయనకి తెలుసు ఏం పోతా ఉండాదో. ఒక గంట తర్వాత తిరిగొచ్చి నా పక్కన స్టూలు లాక్కొని కూర్చున్నాడు. "ఒక్క రాఘవన్‌ని పెట్టుకొని సర్జన్ ముందర నిలబడితే తరిమేస్తాడు. ఇంకా మనుషులు కావాల. మన మెట్లెక్కనోళ్ళు" అన్నాడు. ఆ మాటకి ఈ రోజుకీ ఆయనంటే నాకు గౌరవం.

మంగళవారం మేడమ్ ఢిల్లీ నుంచి నేరుగా లాబుకి వచ్చినారు. నేను చెప్పింది నిలబడే విన్నారు. మూడే మూడు ప్రశ్నలు అడిగినారు. గింజ రసం ట్యూబు ఎట్ట ఉండాది? యాంటిజెన్ ఒకే సీసాలోదేనా? స్లైడ్లు చూసేటప్పుడు కోడ్ తెలుసా? తెలీదన్నాను. మళ్ళీ తనే స్లైడ్లు చూసినారు, గంటన్నర. తర్వాత మొదటి స్లిప్పు కాపీ తీసి, తన సంతకం మీద తనే ఎర్ర ఇంకుతో గీటు కొట్టి, "సర్జన్ దగ్గరికి పోదాం, నువ్వూ రా" అన్నారు. టెక్నికల్ అసిస్టెంట్‌ని సర్జరీ యూనిట్‌కి పిలుచుకోని పోవడం అప్పటిదాకా మా కాడ లేదు.

సర్జన్ మంచివాడే, ఓపిక తక్కువ. "మీ నార్మల్ తప్పా, మీ పేషెంటు తప్పా, అది ముందు తేల్చుకోండి. గురువారం నాకు థియేటర్ ఉండాది" అన్నాడు. మేడమ్ గొంతు పెంచలేదు. తప్పు మాది, రాసి ఇస్తాను, పది రోజులు గడువు కావాల అన్నారు. పది రోజుల్లో ఈ పాదం పరుగెత్తి యాడికీ పోదు కదా అన్నారు. సర్జన్ ఎక్స్‌రే ఇంకోతూరి దీపం ముందర పెట్టి చూసినాడు. ఎముక అంచు మాత్రమే గీరుకుపోయింది, లోపలికి దిగలేదు. సరే అన్నాడు.

ఆ సాయంత్రమే మనుషుల కోసం తిరిగినాము. క్యాంటీన్ అమ్మ ఒకరు, లిఫ్ట్ ఆపరేటర్ ఒకరు, ఆస్పత్రి గేటు కాడ పూలమ్మే ఆమె ఒకరు. అంతా చెప్పులేసుకొని తిరిగే వాళ్ళు, ఫంగస్ గది తెలీనోళ్ళు. ఇంటికి పోయి చెప్తే మా నాయిన చొక్కా చెయ్యి మడిచేసినాడు. "నేను లేనా? నా నెత్తురుకేం తక్కువ?" అన్నాడు. బుధవారం పొద్దున అంగడికి లీవు పెట్టి వచ్చినాడు. పూలామె పక్కన వరసలో కూర్చొని నా ఉద్యోగం గురించి ఆమెకి అంతా చెప్పినాడు.

ఏడో రోజు నలుగురి స్లైడ్లూ చూసినాము. నేనొక సెట్టు, సెల్వం ఒక సెట్టు, విడివిడిగా. ముగ్గురివి పడుకోనే ఉండాయి. పూలామెవి మాత్రం కొంచెం లేచినాయి. చిన్నప్పుడు ఊర్లో చెప్పుల్లేకుండా పొలం పని చేసినానని తర్వాత చెప్పింది. మా నాయిన ఫలితం అడిగితే నాయినా నీ కణాలకి ఈ ఫంగస్ అస్సలు తెలీదు, నిద్రపోతా ఉండాయి అన్నాను. "నేను ఐదో క్లాసుతో ఆపేసినాను కదా, దానికెట్ట తెలుస్తుంది" అన్నాడు. ఏ మాత్రం చిన్నబుచ్చుకోలేదు.

మేడమ్ కొత్త స్లిప్పు రాసినారు. సర్జన్ చదివి, రెండు ప్రశ్నలడిగి, మునుసామిని మాత్రల లిస్టులో వేసినాడు. ఆపరేషన్ చేసినారు గానీ పాదం తీసేదానికి కాదు, పుండు గోకేదానికి. ఆరు నెలలకి ఇంకోతూరి గోకినారు. చిటికెనవేలు, పక్కవేలు పోయినాయి. మాత్రలు ఏడాదిన్నర మింగినాడు. పాదం నిలిచింది. కట్టెల కుప్ప ఎక్కడం మానేసి, మండీలోనే రంపం మిషన్ దగ్గర పనికి మారినాడు. చెకప్‌కి వచ్చినప్పుడు చెప్పులు చూపించి, "ఇదో, వేసుకున్నాను, రాసుకో" అనేవాడు.

ఒక మాట చెప్పాల. మా పరీక్ష బాగా వచ్చిందని మాత్రలు పని చేస్తాయని అర్థం కాదు. ఆ రెండిటికీ సంబంధం మేము అప్పుడనుకున్నంత గట్టిది కాదని తర్వాతి ఏళ్ళలో నేర్చుకున్నాము. మునుసామికి పని చేసినాయి, అంతే. అంతకు ముందు మా "తక్కువ" స్లిప్పు పెట్టుకొని పాదం పోగొట్టుకున్నోళ్ళు ఇద్దరుండారు. మేడమ్ వాళ్ళ కాగితాలు తీయించి, సర్జన్‌కి చూపించి అడిగినారు. వాళ్ళకి ఎముక మొత్తం పోయింది, స్లిప్పు ఎట్ట ఉన్నా తీసేవాణ్ణే అన్నాడు. అది నిజమే కావచ్చు. నాకు తెలీదు. ఆ ఇద్దరి నంబర్లు ఇంకా గుర్తుండాయి.

సెల్వం థీసిస్ రెండేళ్ళు ఆలస్యమైంది. పాత పేషెంట్లలో పిలిస్తే వచ్చినోళ్ళందరికీ బయటి మనుషులతో పోల్చి మళ్ళీ పరీక్ష చేసినాడు. ఎక్కువమంది కణాలు ఫంగస్‌ని బాగానే గుర్తుపట్టినాయి. నిజంగా అణిగిపోయినోళ్ళు కొందరే, జబ్బు చానా ముదిరినోళ్ళు. కొత్త థీసిస్ పాతదానికి సరిగ్గా తలకిందులు. లాబులో పని చేసేవాళ్ళ కణాల గురించి ఒక చాప్టర్ వేరేగా రాసినాడు, దాంట్లో నేను ఎన్-3. కల్వం అద్దాల పెట్టెలోకి పోయింది, కర్చీఫ్‌కి బదులు మాస్కులొచ్చినాయి, మా ముగ్గురికీ ఏటా ఛాతీ ఎక్స్‌రే పెట్టినారు. నాకు ఏమీ రాలేదు. మేము నార్మల్‌గా నెత్తురిచ్చేది మాత్రం ఆగిపోయింది.

ఆ ఏడే రిజిస్టర్లో రెండు గడులు కొత్తగా గీసినాము. అప్పటిదాకా ఆరోగ్యమైన మనిషి అంటే పేరు, వయసు, జ్వరం లేదు, జలుబు లేదు, అంతే. కొత్త గడుల్లో ఒకటి, ఈ మనిషి ఏం పని చేస్తాడు. రెండోది, ముందు ఏం చేసేవాడు. తర్వాత చేరిన ప్రతి అసిస్టెంట్‌కీ మొదటి రోజు ఈ రెండు గడులు చూపించి, ఇవి ఖాళీగా ఉంటే నెత్తురు తియ్యొద్దని చెప్పేదాన్ని. పేషెంటు గురించి మేము వంద ప్రశ్నలడుగుతాము. పక్కన కూర్చున్న ఆరోగ్యమైన మనిషిని కూడా అన్నీ అడగాల. లేకపోతే ఆయన పక్కన పేషెంటు ఎక్కువా తక్కువా అని మేము చెప్పేదానికి విలువ లేదు.